గేటుకు కట్టిన నాచు మూట

జోంగ్‌సిమ్‌కు నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మా, నేనూ, పడవా బాగానే ఉన్నాం. మొక్‌పోలో మీరు ముగ్గురూ బాగున్నారనుకుంటాను. నా అక్షరాలు పెద్దవి, కాగితం చిన్నది. తప్పులుంటే నవ్వుకో, దిద్ది పంపకు.

ఈ ఏడు సముద్రంలో మనం వేసిన తినే నాచు బాగా పెరిగింది. అమ్మ మోకాలి సంగతి అడిగావు. నోరు ఆడుతున్నంత కాలం ఆమెకేం కాదు.

పాప మొదటి పుట్టినరోజు ఫోటో అందింది. ఏది పట్టుకుంటుందో చూద్దామని బల్ల మీద అన్నీ పెడితే దారపు ఉండనే పట్టుకుందట. దారం పట్టిన పిల్ల నిండు నూరేళ్లు బతుకుతుంది. ఫోటోలో అల్లుడి పక్కన కూర్చునే మెత్త ఒకటి ఖాళీగా ఉంది. నాకోసమే వేశానన్నావు. "మంగలిని చేసుకున్నానని ఇంకా కోపమేనా నాన్నా?" అని అడిగావు. నాలుగు రోజులుగా ఆ మాట చుట్టూనే తిరుగుతున్నాను.

కోపం ఉండేది. ఊరి వాళ్ల గడ్డాలు గీసేవాడు నాకు అల్లుడేమిటని అన్నాను. అనలేదని చెప్పను. కానీ నేను రాకపోవడం అందుకు కాదు.

పుట్టినరోజుకు పది రోజుల ముందు, రావాలా వద్దా అని మీ అమ్మతో పోట్లాడి, నాచు కొట్టంలో రాతి నేల మీద పడుకున్నాను.

"లోపలికి రావయ్యా! చల్లటి నేల మీద పడుకుంటే నోరు వంకర పోతుంది!" అని అరిచింది.

"పోతే నా నోరేగా, నీది కాదుగా!" అన్నాను.

పొద్దున పుక్కిలిస్తే నీళ్లు ఎడమ మూల నుంచి కారిపోయాయి. ఎడమ కన్ను మూతపడలేదు. పక్షవాతం కాదు, ముఖం నరం ఒక్కటే చచ్చుబడిందన్నాడు సూదుల వైద్యుడు. నెలలు పడుతుందట. చలి వల్లేనా అంటే ఆయన చెప్పలేకపోయాడు. మీ అమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. పడుకోబోయే ముందు నా రెప్పను వేలితో మూసి గుడ్డ కడుతుంది. తిట్టకుండా కడుతుంది. నాకు భయం వేసేది అందుకే.

ఇక దాచను. పాప పుట్టినరోజు నాడు నేను వచ్చాను. ముఖానికి తువ్వాలు చుట్టుకుని పడవ దిగి బస్సెక్కాను. పక్క సీట్లో పసిపిల్ల ఉంటే తువ్వాలు దించి నవ్వాను. నా ముఖం కుడివైపే నవ్వింది. ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మన పాప కూడా అలా ఏడిస్తే ఆ ఏడుపు మోసుకుని ఇంటికి రాగలనా?

మీ గేటు సందులోంచి చూశాను. అల్లుడు పాపను ఒళ్లో పెట్టుకుని, మూతికంటిన మెతుకులు తడిగుడ్డతో తుడుస్తున్నాడు. పాప కళ్లు మూసుకుని ముఖం అతని చేతికి వదిలేసింది. ఎవరో గేటుకు కట్టి పోయారని రాశావే, ఆ నాచు మూట కట్టింది నేనే.

ఇప్పుడు కనుబొమ్మ కాస్త కదులుతోంది. నోరు ఇంకా మాట వినడం లేదు. బుగ్గ బిగబట్టడం రాక గడ్డం గీసుకోబోయి రెండుసార్లు కోసుకున్నాను. ఎడమ పక్క మేక గడ్డమే. ఇక్కడా మంగలి ఉన్నాడు. వాడి చేతికి ఈ ముఖం ఇవ్వను.

బుధవారం మొదటి పడవకు బయలుదేరుతున్నాను. కత్తి నూరి ఉంచమని అల్లుడితో చెప్పు. పాపకు ముందు నా కుడివైపు చూపించు. ఆ మెత్త తీయకు.

ఇట్లు,
నీ నాన్న,
మీ ఆయనకు మామ