అరుగుదల బిళ్ళ

జూలై 8, మంగళవారం
ఉదయం ఆరున్నరకి అక్క రక్తం కక్కుకుంది. నరసాపురంలో, పెరట్లో పళ్ళు తోముకుంటూ. నల్లగా, కాఫీ పొడి కలిపినట్టు.

ఫోను రాగానే రాజమండ్రి నుంచి బయల్దేరాను. నేను చేరేసరికి భీమవరం ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తున్నారు.

"నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా అండి?" డాక్టరమ్మ అడిగింది.

"వేళ్ళ వాతానికి ఒకటేనండి," అంది అక్క.

ఎటోరికాక్సిబ్. నొప్పి మాత్రల మీద పత్రికకి నేను రాస్తున్న వ్యాసంలో మొదటి పేరు. కడుపుకి కొంత నయం, గుండె జబ్బు ఉంటే ప్రమాదం. దాని పక్కన డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్... నొప్పి తగ్గించడంలో పెద్ద తేడా లేదు. ఏది ఎక్కడ దెబ్బకొడుతుందన్నదే తేడా.

ఆ ఒక్కదానికే ఇంత రక్తమా?

జూలై 9
ఎండోస్కోపీ చేశారు. కడుపులో పుండు. రక్తం ఆగడానికి క్లిప్పు వేశారు.

కళ్ళజోడు తీసిమ్మంటే అక్క సంచి తెరిచాను. సగం అల్లిన లేసు, సూది. కింద డైక్లోఫెనాక్ అట్ట, దాదాపు ఖాళీ.

"ఇదేంటక్కా?"

"అది నొప్పిది కాదురా. అరుగుదలకి. మోకాళ్ళు చూపించుకున్న రోజు ఇచ్చారు. కడుపులో మంటని కూడా చెప్పానుగా. అరుగుదలకి, తిన్నాక వేసుకోమన్నాడు మందుల షాపతను."

"మోకాళ్ళ అరుగుదలకక్కా!"

"మోకాళ్ళు అన్నం అరిగించుకుంటాయేంట్రా?"

నవ్వింది. అట్టలో ఖాళీ గదులు లెక్కపెట్టాను.

"రోజుకెన్ని?"

"మంట పుట్టినప్పుడల్లా ఒకటి."

మంట పుట్టించేదే అది. మండినకొద్దీ ఇంకోటి మింగింది. పైన ఎటోరికాక్సిబ్ ఎలాగూ ఉంది.

ఇదా, అదా అనే పోలుస్తూ వచ్చాను. రెండూ ఒకే కడుపులో — ఆ ప్రశ్నే వేసుకోలేదు.

అరుగుదల... షాపతను అబద్ధం చెప్పలేదు. అక్క కూడా తప్పు వినలేదు.

జూలై 10
నిన్ననే రెండు మాత్రలూ ఆపేశారు. తెల్లారేసరికి అక్క వేళ్ళు వాచాయి. గ్లాసు పట్టుకోలేకపోయింది.

"ఈ జాతి మందు ఇక ఒక్కటి కూడా వద్దండి," అంది డాక్టరమ్మ. వాతానికి వేరే మందులున్నాయట. ముందు రక్తం ఆగాలట.

"మరి లేసు సూదెలా పట్టుకోనమ్మా?" అక్క అడిగింది. జవాబు కోసం నా వైపు కూడా చూసింది.

మధ్యాహ్నం నల్లటి విరేచనం, లోపల మళ్ళీ రక్తం కారుతోందట. బీపీ పడిపోయింది. వ్యాసం పంపలేదు.

సాయంత్రం ఐదింటికి రెండో ఎండోస్కోపీ. అప్పటికీ ఆగకపోతే ఆపరేషన్. కాగితం మీద సంతకం పెట్టాను.