రెండు బెలూన్లకు ఒకే గొట్టం

మణుగూరు,
ఆదివారం.

చిరంజీవి అరుణశ్రీకి నాన్న దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. చర్ల అవతల నర్సు ఉద్యోగంలో, ఆ వానల్లో నువ్వూ క్షేమంగా ఉన్నావనుకుంటాను. ‘మేము’ అనకుండా ‘నేను’ అని రాశాడేమిటని ఈపాటికి నీ కనుబొమలు ముడిపడి ఉంటాయి. ఆఖరిదాకా చదువు బిడ్డా. మీ ఊళ్లో ఫోన్ పలకదు కాబట్టి బతికిపోయాను. పలికితే నా గొంతు విని నిజం లాగేసేదానివి.

ఈ ఉత్తరం తెచ్చిన రూప్‌సింగ్ తన పికప్‌లోనే వచ్చాడు. నువ్వు చెప్పిన పని అయింది. మీ ఊరి బాలికి తొమ్మిదో నెల రాబోతోందని, పోయిన వానాకాలం ఇదే బండిలో భద్రాచలం పోతుంటే దారిలోనే రక్తం పోయి బిడ్డ దక్కలేదని రాశావు. ఈసారి ఆమెను కుదుపు లేకుండా పడుకోబెట్టి తీసుకుపోవాలి, గనిలో అంతంత డంపర్లు బాగుచేసిన నాన్నకు ఇది చేతకాదా అని దెప్పావు. ఆ మాట చదివాక నాకు తిండి సయించలేదు.

అసలు తప్పు బండిది కాదు. దాని కింద ఉన్నవి సంతకు ఇరవై బస్తాల బియ్యం మోయడానికి వేసిన కమాను పట్టీలు. బరువుంటే వంగుతాయి, లేకపోతే బండరాళ్లే. ఒక్క మనిషి పడుకుంటే ప్రతి గుంతా నేరుగా నడుముకే తగులుతుంది. పట్టీలన్నీ తీసేయొచ్చు కదా అని అడిగావు. తీసేస్తే ఇరుసును పట్టుకునేది ఏదీ ఉండదు, సంత బరువూ మోయదు. రూప్‌సింగ్ పిల్లలు తినేది ఆ సంత మీదే. అందుకని సగం పట్టీలు ఉంచి, పాత బస్సు కింది గాలి బెలూన్లు రెండు తెచ్చి, ఇరుసుకూ ఛాసీకీ మధ్య పక్కకొకటి కూర్చోబెట్టాను. బియ్యం వేసిన రోజు గాలి ఎక్కువ కొట్టాలి. మనిషిని పడుకోబెట్టిన రోజు తగ్గించాలి. బెలూన్ పగిలినా మిగిలిన పట్టీలు బండిని కూలబడనివ్వవు.

అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా అన్నావు. వేసుకుంటోంది, నన్ను తిట్టుకుంటూ. ప్రతి ఉత్తరం చివరా రెండు ముక్కలు రాసే అమ్మ పోయినసారి ఎందుకు రాయలేదని కూడా అడిగావు. పనిలో ఉందని రాసి దాటేద్దామనుకున్నాను. చెయ్యి రావడం లేదు.

రెండు బెలూన్లనూ నేను ఒకే గొట్టంతో కలిపాను. రెండు పక్కలా గాలి సమానంగా ఉండాలని అనుకున్నాను. రూప్‌సింగ్ అప్పుడే అడిగాడు.

“కాకా, ఒక దిక్కు చక్రం గుంతల వడితే గాలంత అవుతలి దిక్కు ఉరుకదా?”

“ముప్పై ఏండ్ల ఫిట్టర్‌కు నువ్వు చెప్పొచ్చినవా? స్టీరింగ్ కాడ కూసో పో” అన్నాను.

గని దారి బల్లపరుపుగా ఉంటుంది. ఆ దారి తప్ప నాకు ఇంకో దారి తెలియదని ఆ పూట తోచలేదు.

ముందు ఇసుక బస్తాలు వేసి చూద్దామని అతనన్నాడు. మీ అమ్మ ఒప్పుకోలేదు. “ఇసుకకు నడుం నొప్పి ఎర్కయితదా? నేను పండుకుంట” అని బండిలో వేసిన స్ట్రెచర్ ఎక్కింది. నేను ఆమెకు బెల్టు కూడా కట్టకుండా పోయి ముందు సీట్లో కూర్చున్నాను. వాగు దిగేచోట ఎడమ చక్రం గాడిలో పడింది. బరువంతా అటు పడి ఎడమ బెలూన్ నలిగి, దానిలోని గాలి గొట్టం గుండా కుడి బెలూన్‌లోకి పోయి, కుడి పక్కను ఇంకా పైకి లేపింది. బండి ఒరిగింది. ఒరుగుతూనే ఉంది. గట్టు ఆపకపోతే వాగులో ఉండేవాళ్లం. మీ అమ్మ జారి కుడిచేతి మీద పడింది. మణికట్టు విరిగింది. నెల రోజులు పిండికట్టు.

దవాఖానా వరండాలో ఏడ్చాను అరుణా. ఆ స్ట్రెచర్ మీద బాలి ఉండి ఉంటే అన్న మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు. ఇక ఈ పని ముట్టనన్నాను. మీ అమ్మ కస్సుమంది.

“నా చెయ్యి ఇరగ్గొట్టి పని సగంల ఇడిచిపెడతవా? ఆ పిల్ల ఎట్ల పోవాలె?”

రూప్‌సింగ్ చేతులు పట్టుకుని తప్పు నాదన్నాను. ఇప్పుడు రెండు గొట్టాలు, రెండు వాల్వులు. ఒకదాని గాలి ఇంకోదానిలోకి పోదు. ఒరుగుడు ఆపడానికి ఇరుసుకు అడ్డంగా ఒక కడ్డీ కూడా బిగించాను. ఇసుక బస్తాలు వేసి అదే గాడిలో పదకొండుసార్లు నడిపించాం. ఒరగలేదు.

బాలిని పడుకోబెట్టాక రెండు బెలూన్ల గాలి గేజీల ముళ్లూ ముప్పై దగ్గర ఉండాలి. నువ్వే చూడు. బెల్టులు మూడుచోట్ల కట్టు. దారిలో ఏ వాగు వచ్చినా రూప్‌సింగ్ దిగి గాడి చూశాకే దాటాలి. ఇంత రాసినా నాకు భయం పోలేదు. ఇసుక నోరు తెరిచి చెప్పదు కదా. ఎక్కించాలో వద్దో నువ్వే తేల్చుకో. వద్దనిపిస్తే నాన్న చిన్నబుచ్చుకుంటాడని మొహమాటపడకు.

మీ అమ్మ కాగితం ఇవ్వమని పక్కన నిలబడింది. ఎడమచేత్తో రాస్తుందట.

ఇట్లు,
నీ దగ్గర ఒకసారి దాచి, ఇక దాచలేని నాన్న,
కాశయ్య.

బిడ్డా, మీ నాయనకు తెల్వకుండ నిన్న రూప్‌సింగ్‌తోని పోయి మల్ల పండుకొని చూసిన. అదే వాగు. నిండు చెంబు నీళ్లు పొట్ట మీద పెట్టుకున్న. గుక్కెడే తొణికినయి. బాలిని ఎక్కించు.
అమ్మ.