ఉప్పుటేటి గట్టు మీద అల్లుడుగారు

చిరంజీవి గువ్వకు,

అమ్మ నిండు మనసుతో దీవించి రాసేది. దేవుడి దయవల్ల నేనూ అల్లుడుగారూ కులాసా. దీవిలో గాలి ఎక్కువనీ, పడుకుంటే కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయనీ రాశావు. రెక్కకీ చట్రానికీ మధ్య పాత గుడ్డ మడిచి దూర్చు. ఆసుపత్రిలో గుడ్డలకేం కరువు?

నువ్వడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను, లేకపోతే మాటల్లో పడి మర్చిపోతాను. నా కుడికన్ను నయమైంది. అల్లుడుగారు తమ దుకాణంలో తమ చేత్తోనే అద్దాలు అరగదీసి కళ్ళజోడు చేసి పెట్టారు. అది పెట్టుకోగానే నాకు ముందు కనబడింది మీ వంటింటి గోడ మీది జిడ్డు. నీ కాపురం మీద వంక పెడుతున్నానని అనుకోకు, తోమేశాను. బీపీ మాత్రలు మానలేదు. కుళాయి కారడమూ మానలేదు. కింద గిన్నె పెట్టి ఆ నీళ్ళు మొక్కలకి పోస్తున్నాను. నీ తెల్ల యూనిఫాం పక్కింటి దర్జీ ఆవిడ వదులు చేసి ఇచ్చింది. "దీవి గాలి ఒంటికి పట్టిందే నర్సమ్మకి!" అని నవ్వింది. నేనూ నవ్వాను, కానీ నీ ఉత్తరం అప్పటికే చదివి ఉన్నాను కాబట్టి ఆ నవ్వు పెదాలు దాటలేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో ఆ పేజీ చదివిన పూట నాకు ముద్ద దిగలేదు. పోయినేడు వెళ్ళే ముందే ఎందుకు చెప్పలేదే తల్లీ? "పెద్దాసుపత్రిలో చాకిరీ ఎక్కువైందమ్మా, ఒక ఏడాది దీవిలో చేసి వస్తాను" అంటే నిజమే కాబోలనుకున్నాను. పెరటి మెట్ల మీద కూర్చుని మీ ఆయన ఎవరితోనో ఫోనులో, "కడుపుతో ఉందిరా. ఇంటికెలా తీసుకొస్తాను? మనసొప్పలేదు. అక్కడే వదిలేసి వచ్చాను" అనడం చెవులారా విన్నానని ఇప్పుడు రాస్తున్నావు. కాన్పుల వార్డులో అలా వదిలేయబడ్డ ఆడపిల్లల కళ్ళు తుడిచే దానివి. ఆ మాట నీకు ఎక్కడ గుచ్చుకుని ఉంటుందో నాకు తెలియదా? అడగడానికి నోరు రాక పెట్టె సర్దుకున్నావు. ఇప్పుడేమో సామాన్ల పడవ ఈసారి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు, ఇంకో రెండేళ్ళు అక్కడే ఉంటానని సంతకం పెట్టి పంపేస్తానంటున్నావు. "ఆయన సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నాడో నువ్వే చూసి రాయి. నువ్వు అబద్ధం రాయవు. ఆయనకి మాత్రం చెప్పకు, నా మీద ఒట్టు" అని కింద గీత గీసి మరీ రాశావు.

సరే. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

అల్లుడి వెనక నక్కి నక్కి నడవడం నా వల్ల కాలేదు. ప్రార్థనలో కూర్చుంటే ఆ పని గుర్తొచ్చి సిగ్గేసింది. అందుకని ఆయన పని నుంచి వచ్చి టీ తాగుతుంటే ఎదురుగానే అడిగాను.

"సాయంత్రాలు ఎక్కడికి వెళ్తారు బాబూ?"

"ఉప్పుటేటికండీ."

"ఎందుకూ?"

"చేపలకండీ."

అంతే. నువ్వనేది నిజమేనే, మాటలకి ఎవరో పన్ను వేసినట్టే ఉంటారు. నేనూ రావచ్చా అన్నాను. నా చెప్పుల వైపు చూసి "బురదండీ" అన్నారు. కడుక్కుంటే పోతుందన్నాను. ఇంకేమనాలో తోచక తన పాత బూట్లు తెచ్చి నా ముందు పెట్టారు.

వీధిలోకి రాగానే దర్జీ ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏమండోయ్, అత్తా అల్లుళ్ళు షికారా?"

"చేపలకమ్మా."

"మీరా! చీమని తొక్కితే చెంపలేసుకునే మనిషి చేపలకా! అయ్యో, ఆ బూట్లేంటి? పడవలు కట్టుకున్నట్టున్నారు."

మంచుదిమ్మల కార్ఖానా వెనక సందులోంచి వెళ్తే ఉప్పుటేరు వస్తుంది. నువ్వెప్పుడైనా వెళ్ళావో లేదో. నీరు టీ రంగులో ఉంటుంది. రెండు పక్కలా బురద గట్లు, వాటి మధ్య సన్నని బోదె కాలవలు. సముద్రం పోటు మీదున్నప్పుడు అన్నీ నిండిపోతాయి. నీరు వెనక్కి తీస్తున్నప్పుడు ఆ బోదెల్లోంచి చిన్నచేపలూ రొయ్యపిల్లలూ కొట్టుకొస్తాయి. బోదె మూతి దగ్గర, ఇసకలో ఒళ్ళు కప్పుకుని, కళ్ళు మాత్రం పైకి పెట్టి ఒక చేప కాచుకుని ఉంటుంది. దాని తల ఎవరో రోకలితో అణగ్గొట్టినట్టు చదునుగా ఉంటుంది. పేరేదో చెప్పారు గానీ నా నోట పలకలేదు. నేను పలకతల అని పిలుచుకుంటున్నాను. ఇప్పుడు అల్లుడుగారూ అలాగే అంటున్నారు.

దాన్ని పట్టడానికి పురుగూ కాదు, రొయ్యా కాదు, వేలంత రబ్బరు చేప. మెత్తగా, తోక ఆడుతూ, అచ్చం నిజం చేపలాగే ఉంటుంది. సీసపు గుండు ఉన్న కొక్కేనికి దాన్ని వంకర లేకుండా ఎక్కించాలి. నాకు మనసు పీకింది. "బొమ్మని చూపించి మోసం చెయ్యడం పాపం కాదా బాబూ?" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ప్రాణమున్న పురుగుని గుచ్చడం కంటే నయం కదండీ" అన్నారు. నా ప్రశ్నని అంత మర్యాదగా పట్టించుకున్న మనిషి ఈమధ్య ఇంకొకరు లేరు.

నేను మొదటిసారి విసిరితే కొక్కెం వెనక తుప్పలో పడింది. రెండోసారి అల్లుడుగారి టోపీ లేచిపోయింది. ఆయన తల తడుముకుని, "పెద్దదే పడిందండీ" అన్నారు. అన్నాక తనే కంగారుపడ్డారు, అత్తగారితో పరాచికమాడానా అని. నేను నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డాను. అల్లుడుగారికి పరాచికాలు వచ్చని నాకెప్పుడూ చెప్పలేదేం?

అప్పటి నుంచీ నీటి వేళ కుదిరినప్పుడల్లా వెళ్తున్నాం. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ పాఠం చెప్తారు. "అడుగు తగిలేదాకా వదలండి అత్తయ్యా. దారం వదులైందా? ఇప్పుడు గాలం కర్ర ఎత్తి రెండుసార్లు దుముకించండి. మళ్ళీ దిగనివ్వండి. దిగేటప్పుడే పట్టుకుంటుంది." విసిరే ముందు నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాను, ఆ ప్రాణం తియ్యబోతున్నందుకు క్షమాపణ అడుగుతాను. "మీ ప్రార్థన అయ్యేలోపు అది ఊరు దాటిపోతుంది" అంటారు. అంటారే గానీ, నేను కళ్ళు తెరిచేదాకా తనూ విసరరు. అత్తయ్యగారు పోయి అత్తయ్య ఎప్పుడయ్యానో నేను గమనించలేదు.

ఒకరోజు నీరు బాగా తీసేశాక బురదలో ఒక అచ్చు చూపించారు. తల వెడల్పు, తోక సన్నం, చేప పడుకుని లేచిపోయిన చోటు. "ఇక్కడే ఉండేదండీ" అన్నారు. అచ్చు చుట్టూ నడిచి వచ్చారు, తొక్కకుండా. ఆ మర్నాడు మీ పడకగది దుప్పటి మార్చాను. ఒక పక్క నలిగి ఉంది. నీ పక్క ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. మంచం అంత వెడల్పుంటే ఆ మనిషి గోడ వైపు అంచున పడుకుంటున్నారు. దీనికి నువ్వేం అర్థం చెప్పుకుంటావో నీ ఇష్టం, నేను చూసింది రాశాను.

ఇక మొన్నటి సంగతి.

ఆ సాయంత్రం ఆయన కర్ర విల్లులా వంగింది. దారం చక్రంలోంచి కుయ్యిమంటూ పోతోంది. పడవలో వెళ్ళేవాళ్ళయితే చేప వెంట పోవచ్చు, గట్టు మీది వాళ్ళం మేమే పరుగెత్తాలి. ఆయన ముందు, బూట్లు ఈడ్చుకుంటూ నేను వెనక. తీరా ఒడ్డుకి వచ్చాక చూస్తే నా చెయ్యంత పొడుగుంది. దవడల పక్కన ముళ్ళుంటాయని తడిగుడ్డ వేసి పట్టుకున్నారు. పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తి చూశారు. ముఖమంతా మెత్తబడిపోయింది.

"కడుపుతో ఉంది అత్తయ్యా. ఇంటికెలా తీసుకెళ్తాం?"

నా చేతిలో సంచీ జారిపోయింది.

ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, దాన్ని రెండు చేతుల్లో ఆనించి, అది తేరుకుని తోక ఝాడించేదాకా పట్టుకుని వదిలేశారు. "ఇంత పెద్దవన్నీ ఆడవేనండీ. ఇది గుడ్ల కాలం. పోయినేడు ఇదే రోజుల్లో ఇంకా పెద్దది పడింది, దాన్నీ వదిలేశాను" అంటున్నారు. ఒసేయ్ గువ్వా, చేపని గుడ్లతో ఉందంటారు గానీ కడుపుతో ఉందని ఎవరైనా అంటారుటే? లోకంలో నీ మొగుడొక్కడే అంటాడు! నేను బురదలోనే కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది. నవ్వులోంచి ఏడుపొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి.

నా మాట ఒక్కటే నమ్మమనను. మర్నాడు కళ్ళజోడు వదులైందన్న వంకతో దుకాణానికి వెళ్ళాను. ఫ్రేములు బిగించే ఆయన్ని, పోయినేడు వదిలేసిన చేప సంగతేంటని అడిగాను. "అయ్యో, దాన్ని గుర్తు చెయ్యకండమ్మా! ఫోను చేసి మరీ చెప్పాడు, వదిలేశానని. అంత చేపని! నెల్లాళ్ళు తిట్టాను" అన్నాడు. నువ్వు విన్న ఫోను ఇదే.

ఇప్పటిదాకా రాసింది నువ్వు అడిగింది. ఇప్పుడు రాసేది నువ్వు వద్దన్నది.

గట్టు మీద ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని, "ఏమైంది అత్తయ్యా? ఎందుకు నవ్వుతున్నారు, ఎందుకు ఏడుస్తున్నారు?" అని అడిగారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలనే చూశాను. నోరు తిరగలేదు. నీ ఒట్టు తీసి ఆ గట్టునే పెట్టేశాను తల్లీ. మొత్తం చెప్పేశాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కర్ర కింద పెట్టి, చేతులకి అంటిన జిగురు గడ్డికి తుడుచుకుంటూ ఉండిపోయారు.

"ఏడాదిగా ఆవిడ ఇది మోస్తోందా?"

"అవును బాబూ."

"నన్ను అడగొచ్చుగా!"

"అడిగితే ఏం చెప్పేవారు?"

"చేప అనేవాణ్ణి."

"ఇంకా?"

"అంతే." ఆయనే మళ్ళీ అన్నారు. "అంతేనండీ. ఎప్పుడూ అంతే అనేవాణ్ణి. పక్కనున్న మనిషికి నా గురించి తెలిసింది ఆ ఒక్క మాటే అయితే, దాన్ని నమ్మక ఏం చేస్తుంది?"

ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకు. మాట్లాడని మనిషితో ఇల్లు ఎంత పెద్దదిగా అనిపిస్తుందో నాకూ తెలుసు. ఆ ఒక్క మాట చేప గురించే గానీ, నీ మిగతా బాధ చేప గురించి కాదు. అది ఆయనకీ తెలిసిందని మాత్రం చెప్తున్నాను. ఇంటికొచ్చాక "ఇదంతా ఆవిడకి ఉత్తరం రాస్తారా?" అని అడిగారు. రాస్తానన్నాను. "అయితే అది నాకివ్వండి" అన్నారు.

కాబట్టి గువ్వా, ఇది టపా సంచీలో రాలేదు. సామాన్ల పడవలో ఆయన జేబులో వచ్చింది. పడవంటే ఆయన సంగతి నీకు తెలుసు, ఒడ్డు వదలకముందే కళ్ళు తేలేస్తారు. అందుకేగా గట్టు మీది వేట. ఆసుపత్రి గేటు దగ్గర మనిషి చేత దీన్ని లోపలికి పంపించి, తను రేవు మెట్ల మీద కూర్చుంటానన్నారు. "చదివాక పిలిస్తే వెళ్తాను అత్తయ్యా. పిలవకపోతే సామాన్లు దించేసరికి అదే పడవెక్కి వచ్చేస్తాను. నా మొహం చూసి ఆవిడ మొహమాటపడకూడదు." దారి పొడుగునా నీకు చెప్పాల్సినవి వల్లె వేసుకుంటారట. ఎన్ని గుర్తుంటాయో దేవుడికెరుక.

పిలవమని నేను చెప్పను. సంతకం పెట్టొద్దనీ చెప్పను. నీ బతుకు, నీ ఉద్యోగం. నువ్వేం చేసినా ఇక్కడ నేను నీ కోసం ప్రార్థిస్తూనే ఉంటాను. రేవుకి వెళ్తే మాత్రం, ఆ రోజు పెరటి మెట్ల దగ్గర మింగేసిన ప్రశ్న ఇవాళ నోరారా అడుగు. జవాబు నేను రాసేశానని ఊరుకోకు. ఆయన నోటితోనే చెప్పించుకో, తొందరపడకుండా.

వెళ్ళేటప్పుడు ఒక సీసాడు మంచినీళ్ళు పట్టుకెళ్ళు. మూడు సార్లయినా కక్కుకుని ఉంటారు, పాపం.

ఇట్లు,
ఒట్టు నిలుపుకోలేని మీ అమ్మ