చిన్న కార్డు, మంచి యూపీఎస్

ఆదివారం, భోజనాలయ్యాక

కొత్త కంప్యూటర్ ఇంటికొచ్చింది. నేను చేసే పెళ్లి వీడియోల ఎడిటింగుకీ, మా ఆయన గేములకీ కలిపి ఒకటే. పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలని ఏడాదిగా కలవరించిన మనిషి, నిన్న నెల్లూరు షాపులో తీరా బిల్లు వేసేటప్పుడు అడ్డం తిరిగాడు.

"కార్డు చిన్నదే పెట్టన్నా. మిగిలిన దుడ్లకి మంచి యూపీఎస్ ఇయ్యి. కరెంటు పోతే గుంటలో రొయ్యే బతకదు, ఈమె ఎడిటింగ్ బతుకుద్దా?"

షాపులో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నా పనికీ, ఆయన సాగు చేసే రొయ్యలకీ పోలికా?

ఈ సాయంత్రం ఎడిటింగ్ మధ్యలో ఇంట్లో ఫ్యూజు పోయింది. చీకట్లో యూపీఎస్ కీచుకీచుమని అరిచింది. అది గుంటలో రొయ్యలకి గాలి అందించే చక్రాలు ఆగితే మోగే అలారం అనుకుని, ఆయన టీ గ్లాసు వదిలేసి జనరేటర్ వెయ్యడానికి పరుగెత్తాడు. కాసేపటికి మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చాడు.

"ఆడ కరెంటు ఉండాదే! అరిచింది ఇదా?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన మాత్రం గుమ్మంలోనే నిలబడి స్క్రీన్ వంక చూశాడు.

"నువ్వు చేసిందేం పోలేదు గదా?"

"పోలేదు" అన్నాను.

కంప్యూటర్ వచ్చినప్పటి నుంచీ దాని ముందు నేనే కూర్చున్నాను. ఆయన గేము ఇంకా ఎక్కించనే లేదు.