రెండు గంటల ముందు

నీగాతలో తతామి చాపల కొట్టు నడుపుతున్న హిరోసె తజుకో అనే నేను, వయసు డెబ్బై రెండు, ఒంట్లో క్యాన్సర్ ఉన్నా బుర్ర చెడలేదు గనుక, ఎవరి బలవంతమూ లేకుండా నోటరీ గారి ఎదుట రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు.

1. కొట్టు, పనిముట్లు, వెనక రెండు గదులు నా తమ్ముడు ఎయికిచికి చెందాలి. నాకు పిల్లలు లేరు. వాడికి అరవై నిండినా నేను ఎత్తుకుని పెంచినవాడే. నాన్న చాపలు కుట్టిన సూది కూడా వాడిదే. తాగి వాడి చేతులు వణికే రోజుల్లో దాన్ని దాచాను. బియ్యం డబ్బా కింద ఉంది.

2. మరదలు సుమియెకు నా పట్టు కిమోనో. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా ఆమెదే. తాగడానికి రెండు గంటల ముందు డాక్టరిచ్చిన మాత్ర వేసుకుంటే, తమ్ముడికి రెండో గ్లాసుకే చాలనిపిస్తుంది. నాలుగేళ్ళుగా ఆ మాత్ర గుర్తుచేస్తున్నది ఆమే. ఈ నాలుగేళ్ళలో వాడు అదుపు తప్పింది రెండుసార్లు, రెండూ శవజాగరణల్లోనే. నేను తిడితే, "చావు రెండు గంటల ముందు కబురు పెట్టి వస్తుందా అక్కా?" అన్నాడు.

3. చిన్నాన్న కొడుకు మోంజోకు చిల్లిగవ్వ లేదు. చిన్నాన్న శవం పక్కన కూర్చుని, "మా నాన్న కోసం ఒక్క గుక్క తాగలేవా? ఇదేనా మర్యాద?" అని తమ్ముడికి సాకె పోసింది వాడే. తమ్ముడు వారం దాకా తేరుకోలేదు.

అమ్మ పోయినప్పుడు పోసింది మాత్రం నేను. బంధువులంతా చూస్తున్నారని సిగ్గుపడి పోశాను. సుమియెకు ఇప్పటిదాకా చెప్పలేదు. క్షమించమని అడుగుతున్నాను.

నేనూ అదే తప్పు చేశాను కాబట్టి, డబ్బు ఇవ్వకపోయినా మోంజోకు నా ఇనుప టీ కెటిల్ ఇస్తున్నాను. నా శవజాగరణలో మొదటి రెండు గంటలూ వాడు అందరికీ దాంతో టీ పోయాలి. అప్పటిదాకా సాకె సీసా మూత తీయకూడదు. ఎవరైనా సణిగితే, ముసలిదాని మొండితనం అని నా మీదికే తోసేయండి.

4. చావంటే నాకు భయం లేదు. మూడోసారి తమ్ముడు పడితే లేపడానికి నేను ఉండనన్నదే భయం. అందుకని ఆసుపత్రి నుంచి కబురు ముందు సుమియెకే రావాలి. నేను పోయానని వాడికి చెప్పకముందే ఒక మాత్ర, గ్లాసుడు మంచినీళ్ళు చేతికివ్వాలి. అది చూస్తే వాడికే తెలుస్తుంది. మింగాక ఏడవనివ్వండి.

రెయివా ఏడో ఏడు (2025), నవంబరు 6
హిరోసె తజుకో (ముద్ర)

సాక్షులు:
కనెకో ఫుమియో, మందుల షాపు
ఒగావా చియె, టోఫు కొట్టు