పెదనాన్న బల్ల మీది గుండె

చిట్టికి పెద్దమ్మ దీవెనలు.

ఆసుపత్రుల్లో గుండె గీతలు తీసే యంత్రాలు బాగుచేసే మీ పెదనాన్న, ఈమధ్య గదిలో తలుపేసుకుని తన గుండె గీతే తీసుకుంటున్నారు. కాగితం చూశాను. బాగా కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఉన్నట్టుండి ఒక దెబ్బ ఆలస్యంగా పడుతోంది. దాని పక్కన ‘చిట్టికి ఇప్పుడే చెప్పొద్దు, బాధపడుతుంది’ అని ఎర్ర సిరాతో రాసుకున్నారు. ఆయన్ని మెట్లెక్కనివ్వడం లేదు. కూరలో ఉప్పు మానేశాను.

ఇట్లు, నిద్రలేని మీ పెద్దమ్మ.

తా.క.: ఆయన సైకిలుకి తాళం వేసి చెవి పారేశాను. తాళం కొత్తదే, పాపం.

పెద్దమ్మకు నమస్కారాలు.

ఆ గుండె పెదనాన్నది కాదు, నేను చేసింది. యంత్రం సరిగా గీస్తోందో లేదో చూసుకోవడానికి ఆయనకి ఉత్తుత్తి గుండె పెట్టె ఒకటి పంపాను. లోపల చిప్ ఉంది, టైమర్ ఉంది. టైమర్ తట్టినప్పుడల్లా చిప్ చేతిలో పని వదిలేసి, గీతలో తర్వాతి చుక్క పెట్టి, మళ్ళీ పాత పనికి వెళ్తుంది. ఆ తట్టడాన్నే ఇంటరప్ట్ అంటాం. చుక్కలన్నీ కలిస్తే గుండె అల. పెట్టె తెర మీద అంకె మార్చేటప్పుడు మాత్రం టైమర్ తట్టినా పలకొద్దని చిప్‌కి చెప్పాను. అందుకే ఆ దెబ్బ ఆలస్యం. తప్పు నాది. దిద్దిన చిప్ పంపుతున్నాను. పాతది తీసి ఇది పెడితే గుండె కుదురుకుంటుంది.

మీ చిట్టి.

తా.క.: పెదనాన్నకి ఉప్పు వేయండి.

చిట్టీ,

నన్ను ఓదార్చడానికి ఎంత కథ అల్లావే తల్లీ! గుండెలో చిప్ పెట్టేదాకా వచ్చిందన్నమాట. నీ ఉత్తరం చూసి మీ పెదనాన్న “అమ్మయ్య, బతికిపోయాను, ఇక చిట్టికి నేను చెప్పక్కర్లేదు” అన్నారు. ఎవరు పెడతారండీ అంటే, “నేనే, స్క్రూడ్రైవర్‌తో” అన్నారు. డాక్టరుకి కబురు పెట్టాను.

ఇట్లు, ధైర్యంగానే ఉన్న పెద్దమ్మ.

తా.క.: స్క్రూడ్రైవర్లన్నీ పిండి డబ్బాలో దాచాను.

పెద్దమ్మా,

ఒక్క పని చేయండి. పెట్టె బ్యాటరీ ఊడదీసి ముందు గీతని, తర్వాత పెదనాన్నని చూడండి. గీత ఆగి ఆయన ఆగకపోతే నేను చెప్పింది నిజం.

దండం పెడుతూ, చిట్టి.

తా.క.: ఆ పని కూర్చుని చేయండి.

బంగారు చిట్టికి,

బ్యాటరీ తీశాను. గీత పడుకుంది. కెవ్వుమన్నాను. వెనకనుంచి మీ పెదనాన్న, “ఎందుకే ఆ అరుపు? కాస్త టీ పెట్టు” అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఇంత తీయగా ఎప్పుడూ వినపడలేదు.

అంతలో డాక్టరు వచ్చాడు. మీ పెదనాన్నకి నిజంగానే వైర్లు పెట్టి చూశాడు. గీత శుభ్రం! “మీరూ కూర్చోండమ్మా” అన్నాడు. కూర్చున్నాను, నాకూ వైర్లు పెట్టాడు. అప్పుడప్పుడూ దెబ్బ ఆలస్యంగా పడేది నాకు! “గాబరా వల్లే, ఏమీ కాదు, నిద్రపోండి చాలు” అని వెళ్ళిపోయాడు. డాక్టరు ఆ మాట అన్నప్పుడు మీ పెదనాన్న వంటింట్లో స్క్రూడ్రైవర్లు వెతుకుతున్నారు. తిరిగొచ్చి నా గుండె గీత కాగితం ఒక్కటే చూశారు. ఇక నన్ను కుర్చీలోంచి లేవనిస్తే ఒట్టు. వంటా ఆయనే, గిన్నెలూ ఆయనే.

హాయిగా నిద్రపోతున్న మీ పెద్దమ్మ.

తా.క.: డాక్టరు ‘ఏమీ కాదు’ అన్న సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు. ఇక చెప్పక తప్పేట్టు లేదు. కూరలో ఆయనా ఉప్పు వేయడం లేదు.