రెండు ఫోల్డర్ల బయట

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మొన్న మన ప్రొద్దుటూరు ఫ్లెక్సీ షాపుకు కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ వచ్చాడు.

"డెస్క్‌టాప్ నిండా ఫోటోలే ఉండాయప్పా, అందుకే సిస్టమ్ శానా నిదానంగా లేస్తాంది," అని రెండు పార్టీలకు రెండు ఫోల్డర్లు పెట్టి, గొడవల్లో పోయిన ఆ పార్టీలవాళ్ల నివాళి ఫ్లెక్సీల ఫోటోలన్నీ వాటిలోకి జరిపాడు. చివరికి నీ ఫోటో మిగిలింది.

"అన్నను ఏ పార్టీలో వేద్దాం?" అని అడిగాడు.

నువ్వు ఏ పార్టీవాడివీ కాదు. జమ్మలమడుగులో ఎవరి మీదికో విసిరిన నాటుబాంబు తగిలి నువ్వు పోయిన మర్నాడే, రెండు పార్టీలవాళ్లూ "మావాడే" అంటూ నీ ఫ్లెక్సీ అడిగారు. భయపడి ఇద్దరికీ వేసిచ్చాను.

"ఆడనే, డెస్క్‌టాప్ మీదనే ఉండనీ," అన్నాను.

ఇదివరకు స్విచ్ వేసి టీ తాగి వచ్చినా సిస్టమ్ తెరుచుకునేది కాదు. ఆలోపు నిన్ను చూడటానికి మనసు గట్టి చేసుకునేవాణ్ణి. ఇప్పుడు స్విచ్ మీద వేలు తీయకముందే, ఖాళీ తెర మీద నువ్వొక్కడివే వచ్చేస్తున్నావు.